లోవలక్ష్మి యెస్ అనలేదు

మా మణిశంకర్ నా చేతిలో పెట్టిన కాగితం మీద పన్నెండు ఇంగ్లీషు ప్రశ్నలు, వాటికి పన్నెండు జవాబులు ఉన్నాయి. పదకొండు జవాబులు 'యెస్ మేడమ్'తో మొదలవుతాయి. పన్నెండో ప్రశ్న, మీరేమైనా అడగాలనుకుంటున్నారా అని. దానికి మాత్రం 'నో మేడమ్, థాంక్యూ.'

"బట్టీ పట్టించేస్తే చాలండి మేడమ్. రెండు వారాలు టైముంది," అన్నాడు.

మణిశంకర్ హైస్కూల్లో నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాడు. ఇప్పుడు అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో ఒక రొయ్యల ఫ్యాక్టరీకి మేనేజరు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకి అక్కడ ఆడవాళ్ళు తలలు తీసి, తొక్క వలిచి ఇస్తే, వాటిని గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. కొనే కంపెనీ తరఫున ఒకావిడ తనిఖీకి వస్తోంది. పనివాళ్ళని సరిగ్గా చూసుకుంటున్నారో లేదో పనివాళ్ళనే అడుగుతుందట. మణిశంకర్ పక్కనుండి తెలుగులోకి మార్చి చెబుతాడు గానీ, నాలుగు ముక్కలు వాళ్ళే ఇంగ్లీషులో అంటే ఫ్యాక్టరీకి మంచి పేరొస్తుందని అతని ఆలోచన.

నేను ముప్పై రెండేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఇంట్లో కూర్చుని టీవీలో వార్తలు చదివేవాళ్ళ ఉచ్చారణకి తప్పులు పట్టడం తప్ప వేరే పనిలేదు. "సీతారామలక్ష్మి మేడమ్ తప్ప ఇంకెవరూ చెప్పలేరండి" అని శిష్యుడు అనేసరికి ఉబ్బిపోయి ఒప్పేసుకున్నాను. ఆ కాగితాన్ని ఒక్కసారి నిదానంగా చదివి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు అని చెప్పుకోవాలని ఉంది. అది అబద్ధం. చదివాను. చదివే ఒప్పుకున్నాను.

పని ముగిశాక మధ్యాహ్నం మూడున్నరకి క్యాంటీన్ షెడ్డులో క్లాసు. నలభై మంది ఆడవాళ్ళు. పొద్దున్న ఆరింటికి పనిలోకి దిగి, అప్పటిదాకా నిలబడే ఉన్నవాళ్ళు. అక్కడ నల్లబల్ల లేదు. ఐసు పెట్టెకి వాడే థర్మోకోల్ మూతని గోడకి ఆనించి, దాని మీద స్కెచ్ పెన్నుతో మొదటి ప్రశ్న రాశాను.

"డూ యూ వేర్ గ్లౌజెస్?" అని నేను. "యెస్ మేడమ్, ఎవ్రీ డే!" అని వాళ్ళు. ముప్పై తొమ్మిది గొంతులు. తరగతిలో ఒక్క నోరు కదలకపోయినా పట్టేసే చెవి నాది. వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి నోరు విప్పలేదు. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన మొహం. నలభై ఆరేళ్ళని తర్వాత తెలిసింది.

"నీ పేరేంటమ్మా?"

"లోవలక్ష్మండి."

"నోరు నొప్పిగా ఉందా?"

"లేదండి. అడిగిందేంటో తెలీలేదండి. తెలీకుండా తలూపేసి ఓసారి పెళ్ళి చేసేసుకున్నాను. ఆ సరదా తీరిపోయింది."

షెడ్డంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఆ విషయం మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు.

"గ్లౌజులు వేసుకుంటారా అని అడుగుతుందావిడ. వేసుకుంటామని చెప్పాలి. అంతే."

"ఎప్పుడండి?"

"ఎప్పుడేంటి? రోజూ."

"రోజూ వేసుకోం కదండీ."

లేచి వచ్చి రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళ చివర చర్మం లేచిపోయి ఎర్రటి కండ కనిపిస్తోంది. బొటనవేళ్ళ పక్కన సన్నటి గుంటలు. రొయ్య తల మీద ముల్లుంటుంది. అది గుచ్చుకున్న చోట ఐసునీళ్ళు, ఆ తర్వాత క్లోరిన్ నీళ్ళు, మళ్ళీ ముల్లు. నెలకి ఒక్క జత గ్లౌజులు ఇస్తారట, నాలుగు రోజులకే అవి చిరిగిపోతాయట. ఆపైన నెలంతా ఒట్టి చేతులే. గోరింటాకు రుబ్బి పట్టిస్తే మంట కాస్త తగ్గుతుంది గానీ, ఆ ఎర్ర చేతులతో పనిలోకి రానివ్వరు.

అదంతా చూసి నేనేమన్నానో తెలుసా? "ఇది పాఠం అమ్మా. పాఠంలో ఎలా ఉంటే అలాగే చెప్పాలి" అన్నాను.

లోవలక్ష్మి చేతులు వెనక్కి తీసుకుంది.

"మీది కాలవ పక్క అగ్రహారం కదండీ?"

"అవును."

"పెళ్ళికి ముందు మూడేళ్ళు మా అమ్మతో మీ వీధమ్మట నడిచానండి. నెత్తి మీద చేపల బుట్ట. అవతల పేటకి అదే దగ్గర దోవ. మీ వీధి మొదట్లోకి రాగానే మా అమ్మ బుట్ట మీద తడిగుడ్డ కప్పేసేది. ఈ చివర్నించి ఆ చివరిదాకా కేకెయ్యకూడదు, మాట్టాడకూడదు. దగ్గొచ్చినా ఆపుకోవాలి. మీ వీధి దాటాకే మాకు నోరు. ఇప్పుడు మీరే వచ్చి నోరు తెరవమంటున్నారు. అదీ మీరు రాసుకొచ్చిన మాటతో. తెరవనండి."

వెళ్ళి తన చోట కూర్చుంది. నేను ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాను.

ఆమె చెప్పింది నాకు తెలియని సంగతి కాదు. మధ్యాహ్నం వేళ వీధిలో మెత్తటి అడుగుల చప్పుడు వినగానే మా అమ్మ వీధి తలుపు దగ్గరికి వేసేది. "చేపలవాళ్ళు వెళ్ళిపోయారు, తలుపు తియ్యవే" అనడం మా ఇంట్లో మామూలు మాట. ఎన్నోసార్లు నేనే తీశాను. ఆ నడిచి వెళ్ళేవాళ్ళలో ఒక పదిహేనేళ్ళ పిల్ల ఉంటుందని, ఆ పిల్ల దగ్గు మింగుకుంటూ వెళ్తుందని నాకు ఏనాడూ తట్టలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు మణిశంకర్ కాగితాన్ని మడిచి బీరువాలో పడేసి, స్కెచ్ పెన్ను ఒక్కటే పట్టుకుని వెళ్ళాను.

"ఇవాళ్టి నుంచి నేను జవాబులు చెప్పను. ప్రశ్నలు చెబుతాను. అడిగిందేంటో తెలిస్తే జవాబు మీరే చెప్పుకుంటారు," అన్నాను. తర్వాత వెనక వరుస వైపు చూసి, "లోవలక్ష్మిగారూ, ముందుకొచ్చి కూర్చోండి" అన్నాను. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె మాత్రం అదేమీ పెద్ద సంగతి కానట్టు వచ్చి మొదటి వరుసలో కూర్చుంది.

మన తెలుగులో 'వేసుకుంటారా' అంటే రోజూ వేసుకునే అలవాటుందా అనీ వస్తుంది, ఇస్తే ఇకముందు వేసుకుంటారా అనీ వస్తుంది. సందర్భాన్ని బట్టి మనం సర్దుకుంటాం. ఇంగ్లీషులో ఆ సర్దుబాటు కుదరదు, అడిగేవాడు ముందే తేల్చుకుని అడగాలి. గ్లౌజుల గురించే నాలుగు ప్రశ్నలు రాశాను. 'డూ యూ వేర్' అంటే మీ అలవాటేంటని. 'ఆర్ యూ వేరింగ్' అంటే ఈ నిమిషంలో చేతులు చూపించమని. 'డిడ్ యూ వేర్ యెస్టర్డే' అంటే నిన్నటి సంగతి చెప్పమని, ఇవాళ్టి చేతులు చూపించి తప్పించుకోవడానికి లేదు. 'హేవ్ యూ ఎవర్' అంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అని.

ముప్పై రెండేళ్ళు ఇదే పాఠం పట్టికలు గీసి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్ష రాశారు, మర్చిపోయారు. ఇక్కడ రాసుకునేవాళ్ళే లేరు. ఐదో తరగతితో చదువాపేసిన లోవలక్ష్మి వేళ్ళు మడుచుకుంటూ తనలో తాను గొణుక్కునేది. మూడో రోజున నేను తిండి గురించి రాసిన రెండు ప్రశ్నలు చదివించి అర్థం అడిగితే ఏం చెప్పిందంటే,

"'హేవ్ యూ ఈటెన్' అంటే గిన్నెలో ఇంకా అన్నం ఉందండి. తినలేదంటే పెడతారు. 'డిడ్ యూ ఈట్' అంటే గిన్నెలు కడిగేశారు. ఊరికే అడుగుతున్నారు."

నేను స్కెచ్ పెన్ను మూత పెట్టి కూర్చున్నాను. ఇంత బాగా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇంటర్ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పిన ఉషారాణి అనే పిల్ల ఉంది, అందరిలోకీ చిన్నది. ఒకరోజు అది లేచి నన్నే అడిగింది. "డూ యూ ఈట్ ఫిష్?"

"నో," అన్నాను ధీమాగా.

లోవలక్ష్మి అందుకుంది. "హేవ్ యూ ఎవర్ ఈటెన్ ఫిష్?"

రాజమండ్రిలో బీఈడీ చేసేటప్పుడు హాస్టల్లో నా గదిలో క్రిస్టినా అనే అమ్మాయి ఉండేది. ఓ ఆదివారం వాళ్ళింటి నుంచి చేపల పులుసు వచ్చింది. ఆ సంగతి మా ఆయనకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. అబద్ధమాడదామంటే నా ఎదురుగా నలభై మంది, వాళ్ళకి నిజం చెప్పడం నేర్పుతున్నది నేను.

"యెస్," అన్నాను. "వన్స్. నో, ట్వైస్."

వాళ్ళు నవ్విన నవ్వుకి సెక్యూరిటీ గంగాధర్ గేటు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. లోవలక్ష్మి నవ్వు మొదటిసారి అప్పుడే చూశాను.

"చూశారాండి? 'డూ' అని అడిగితే ఒక మనిషి పలికింది. 'హేవ్' అని అడిగితే ఇంకో మనిషి బయటికొచ్చింది," అంది.

ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నారన్నది కూడా నేర్పాను. 'హౌ లాంగ్ హేవ్ యూ వర్క్‌డ్ హియర్' అంటే ఇంకా పనిలో ఉన్నట్టు. అదే 'హౌ లాంగ్ డిడ్ యూ వర్క్ హియర్' అంటే పని అయిపోయినట్టు. "ఆ రెండోది మా మేనేజరుగారికి నేర్పకండి బాబూ" అంది లోవలక్ష్మి. ఆమె ఈ షెడ్డులో పద్నాలుగేళ్ళుగా ఉంది.

రేపటి గురించి అడగడం దగ్గర మాత్రం క్లాసు ఆగిపోయింది. 'విల్ యూ కమ్' అని రాసి, వస్తావా అని దీని అర్థం, అందరూ అనండి అంటే ఒక్కరూ అనలేదు. సగం మంది వైనతేయ ఏటి గట్టున పల్లిపాలెం వాళ్ళు, చేపలు పట్టే కుటుంబాలు. ఏటికో సముద్రానికో బయల్దేరే మనిషిని వస్తావా అని అడగరట. ఎక్కడికని కూడా అడగరు. అడిగితే కీడు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, మొహం పక్కకి తిప్పుకుంటారు. నేను ఆ ముక్క చెరిపేశాను. రెండు రోజులాగి లోవలక్ష్మి ఒక్కతే వచ్చి, "అది నాకు నేర్పెయ్యండి. ఈ షెడ్డు ఏరు కాదు కదండీ" అంది. తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను.

పన్నెండో రోజున మణిశంకర్ పరీక్ష పెట్టడానికి వచ్చాడు. ఉషారాణిని లేపి, "డూ యూ వేర్ గ్లౌజెస్?" అన్నాడు. ఆ పిల్ల ఒక క్షణం ఆలోచించింది.

"సమ్‌టైమ్స్," అంది.

మణిశంకర్ మొహం మాడిపోయింది. నన్ను బయటికి తీసుకెళ్ళాడు. "మేడమ్, మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా? ఈ ఆర్డరు పోతే షెడ్డు మూతపడుతుంది. నలభై మందీ ఇంటికి పోతారు. గ్లౌజులు లేని పని బాగుంటుందా, పనే లేకపోతే బాగుంటుందా? మీరే చెప్పండి."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ సాయంత్రమే చేతులు బాగా చెడిన ఏడుగురి పేర్లు చదివి, తనిఖీ రోజు సెలవు పెట్టుకోమన్నారు. మొదటి పేరు లోవలక్ష్మిది. ఆమెను విడిగా పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు మణిశంకర్. ఆ రోజు కనబడితే మర్నాటి నుంచి రానక్కర్లేదని.

ఆమె భర్త పోతురాజు నడుం దెబ్బతిని రెండేళ్ళుగా పడవెక్కడం లేదు. ఇంటికి నికరంగా వచ్చేది ఈ షెడ్డు కూలి ఒక్కటే. ఇది పోతే ఈ వయసులో మళ్ళీ చేపల బుట్ట ఎత్తుకోవాలి. మెడ అందుకు ఒప్పుకోదు. అదంతా నాకు తెలుసు కాబట్టే షేర్ ఆటో కోసం నిలబడి ఉన్న ఆమె దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క రోజే కదా. మానెయ్యండి లోవలక్ష్మిగారూ. మీ మంచికే చెబుతున్నాను."

"జొరమొచ్చినా మాన్లేదండి ఈ పద్నాలుగేళ్ళలో. ఇప్పుడు నా చేతులు కనబడకూడదని మానెయ్యాలా? అవి దొంగతనం చేసిన చేతులేంటండి?"

"పని పోతుంది."

"పోతే పోద్ది. భయం లేదనట్లేదండి, ఉంది. అయినా వత్తాను."

ఆటో వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కంటే చదువుకున్నదాన్ని, పింఛను ఉన్నదాన్ని, పోయేదేమీ లేనిదాన్ని, నేనేమో భయపడి ఇంటికి వెళ్ళాను.

తనిఖీ రోజున ఆ ఏడుగురూ సరిగ్గా విదేశీ ఆవిడ కారు వచ్చే వేళకే గేటు దగ్గరికి చేరారు. కారు వెనకాలే నడుచుకుంటూ లోపలికి వచ్చేశారు. అతిథి ముందు గొడవ చేయలేక మణిశంకర్ పళ్ళు కొరుక్కుంటూ ఊరుకున్నాడు. షెడ్డు మెరిసిపోతోంది. బల్లల మీద అట్టపెట్టెల నిండా కొత్త గ్లౌజులు. అందరూ వేసుకున్నారు, లోవలక్ష్మి కూడా. పనివాళ్ళకి చదువు చెప్పిస్తున్నామని చూపించడానికి నన్ను ఓ పక్కన నిలబెట్టారు.

విదేశీ ఆవిడ చూస్తే మంచి మనిషిలాగే ఉంది. తెల్ల జుట్టు, నెమ్మదైన గొంతు. ఉషారాణి దగ్గర ఆగి అడిగింది. "డిడ్ యూ వేర్ గ్లౌజెస్ యెస్టర్డే?"

"గ్లౌజులు వేసుకుంటారామ్మా?" అన్నాడు మణిశంకర్.

నిన్నటి ప్రశ్నని అలవాటు ప్రశ్నగా ఎంత సునాయాసంగా మార్చేశాడో! నా శిష్యుడే. ఉషారాణి బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. "వేసుకుంటామండి" అంది ఆ పిల్ల. "షి సేస్ యెస్" అన్నాడు అతను. ఆవిడ రాసుకుంది.

తర్వాత బల్ల దగ్గర, చేతులకి ఎప్పుడైనా పుండ్లు పడ్డాయా అని అడిగింది. "ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు" అన్నాడు. బాగుందండి అన్నారు. రాసుకుంది. లోవలక్ష్మి దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి కాస్త విసుగొచ్చినట్టుంది, నేరుగా చివరి ప్రశ్నే అడిగింది, మీరేమైనా అడగాలా అని. మణిశంకర్ తెలుగులో చెప్పడానికి కూడా ఆగలేదు. "నో, షి హాజ్ నో క్వశ్చన్స్" అనేసి ముందుకు కదిలాడు.

"ఐ హేవ్," అంది లోవలక్ష్మి.

ఆమె గ్లౌజులు ఒక్కొక్కటే ఊడదీసి స్టీలు బల్ల మీద పెట్టింది. చేతులు రెండూ పక్కనే పెట్టింది.

"మేడమ్. విల్ యూ కమ్ టుమారో?"

మణిశంకర్ గట్టిగా నవ్వాడు. మావాళ్ళకి అతిథులంటే ప్రాణం మేడమ్, రేపు కూడా రమ్మని పిలుస్తోంది అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఆ చేతుల వైపే చూస్తోంది. ఎందుకు, రేపు ఏముందని అడిగింది.

"యెస్టర్డే, నో గ్లౌజెస్. టుడే, గ్లౌజెస్. టుమారో, నో గ్లౌజెస్. యూ కమ్ టుమారో."

వ్యాకరణం ప్రకారం అందులో వాక్యమనేది లేదు. నా దగ్గర చదివిన ఎవరూ ఇంత స్పష్టంగా ఇంగ్లీషు మాట్లాడలేదు.

రేపు తెల్లవారుజామునే తన విమానం అని ఆవిడ చెప్పింది. సారీ అంది. పుస్తకంలో ఏదో రాసుకుంది, ఏం రాసుకుందో మాకెవరికీ తెలియదు. ఐసు గది చూడాలంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఏడింటికి మణిశంకర్ ఫోను. "మేడమ్, వెంటనే రావాలి. మీ శిష్యురాళ్ళు గేటు బయట కూర్చున్నారు." ఆటోలో వెళ్ళేసరికి సంగతి తెలిసింది. గంగాధర్ లోవలక్ష్మి గేటు కార్డు తీసేసుకుని, నిన్ను రానివ్వద్దన్నారమ్మా అన్నాడట. ఆమె ఇంటికి వెళ్ళకుండా రోడ్డవతల తూము గట్టు మీద కూర్చుంది. లోపలికి వెళ్ళబోయిన ఉషారాణి తన కార్డు కూడా గంగాధర్ చేతిలో పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకామె. అలా మొత్తం నలభై మంది.

ఈలోగా చెరువుల నుంచి లారీ వచ్చేసింది. మూడు టన్నుల రొయ్య. ఐసు కరిగి వెనక తలుపుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తలలు తియ్యకుండా ఇంకో రెండు గంటలుంటే నల్లబడిపోతుంది, ఆ సరుకు ఎవరూ కొనరు. మణిశంకర్ చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోయింది. రాత్రి నిద్ర పోయినట్టు లేడు. నాకు జాలేసింది, అబద్ధమెందుకు చెప్పాలి.

గేటు బయటికి వచ్చి నిలబడ్డాడు. "ఏంటమ్మా మీకు కావాల్సింది? గ్లౌజులేగా? ఇస్తాం. వచ్చే నెల నుంచి వారానికో జత ఇస్తాం. చేతులు చూపించుకోడానికి డాక్టర్ని కూడా పిలిపిస్తాం. ఇక లేవండి, లారీ వచ్చేసింది."

నలుగురైదుగురు లేవబోయారు. లోవలక్ష్మి లేవలేదు.

"ఇస్తాం అన్నమాట పద్నాలుగేళ్ళుగా వింటున్నానండి. ఇచ్చాం అనండి. అప్పుడు లేస్తాం."

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మణిశంకర్ నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరైనా చెప్పండి. మీ మాట వింటారు."

నిన్న ఉషారాణి నా వైపు చూసినప్పుడు నేను నేల చూపులు చూసిన సంగతి ఆ క్షణంలో గుండెల్లో పొడిచింది.

"నేను చెప్పడానికేముందిరా? నీకూ నేనే కదా పాఠం చెప్పింది. లోవలక్ష్మిగారు అడిగింది నీకు అర్థమయ్యే ఉంటుంది," అన్నాను. రోడ్డు దాటి వెళ్ళి తూము గట్టు మీద లోవలక్ష్మి పక్కన కూర్చున్నాను. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.

మణిశంకర్ ఒకసారి లారీ వైపు చూశాడు, ఒకసారి మా వైపు. గంగాధర్‌ని పిలిచి ఏదో చెప్పాడు. నిన్నటి అట్టపెట్టెలు బయటికొచ్చాయి, వాటితో పాటు స్టోర్‌లో దాచిన ఇంకో నాలుగు. గేటు దగ్గరే పంచారు. ఒక్కొక్కరే వెళ్ళి తీసుకుని వేసుకున్నారు. వేసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"ఇచ్చాం కదా! ఇంకేంటి?" అని అరిచాడు.

"లోవలక్ష్మక్క కార్డండి," అంది ఉషారాణి.

"ఆమె సంగతి వేరు. రేపు ఆఫీసులో మాట్లాడదాం."

"రేపొద్దండి," అన్నారు ఎవరో. "రేపొద్దు" అని ఇంకొకరు. ఎవరూ అరవలేదు, లేవలేదు. నీలం గ్లౌజులు తొడుక్కున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

మణిశంకర్ జేబులోంచి కార్డు తీశాడు. చేతికివ్వకుండా గేటు పక్క స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. లోవలక్ష్మి లేచి చీర దులుపుకుంది. కార్డు తీసుకుని మెడలో వేసుకుని, ఒక జత గ్లౌజులు తొడుక్కుని అందరికంటే ముందు నడిచింది. నాకు థాంక్స్ చెప్పలేదు, నా వైపు చూడను కూడా లేదు. పని అప్పటికే రెండు గంటల పైన ఆలస్యమైపోయింది.

నేనూ వెనకాలే వెళ్ళి కిటికీ దగ్గర కాసేపు నిలబడి చూశాను. షెడ్డులో నలభై జతల చేతులకీ గ్లౌజులున్నాయి. తనిఖీకి ఎవరూ రాలేదు.